ఆసనము ఎవరిది?

1966వ సంవత్సరము జనవరి 10వ తేదీన అట్లాంటా నగరమందలి జార్జియా రాష్ట్ర శాసనభవనములో తీసిన ఛాయాచిత్ర మొకటి కలదు. కొత్తగా ఎన్నికైన సభ్యులందరు లేచి నిలిచి ప్రమాణము చేయుచుండగా, వారి నడుమ నల్లజాతి యువకు డొకడు తన కుర్చీలో కూర్చుండియే యున్నాడు. ఆతడు సభపై అలిగి కూర్చున్నవాడు కాడు. నీవు పక్కకు తొలగి యుండుమని ఆదేశించినందువలన కూర్చున్నవాడు. ఆతడే జూలియన్ బాండ్. అప్పటి కాతనికి ఇరువదియారేండ్లు నిండుటకు నాలుగు దినములు తక్కువ. ఆనాడే 184 మంది ఔననగా, 12 మంది మాత్రము కాదనగా, ఆతనిని సభలో చేర్చుకొనరాదని జార్జియా ప్రతినిధుల సభ తీర్మానించినది.

అమెరికా రాజకీయములనగానే మన చూపు వాషింగ్టన్ నగరముపై నిలుచును. అధ్యక్షుల పేర్లు వరుసగా చెప్పగలవారు సైతము ఒక రాష్ట్ర శాసనసభ్యుని పేరు చెప్పలేరు. కాని ఎవరు ఓటు వేయుదురు, ఆ ఓటు ఏ సరిహద్దులలో లెక్కకు వచ్చును అను విషయములు ఆ దేశమున బహుకాలము రాష్ట్ర సభలలోనే నిర్ణయమగుచు వచ్చినవి. ఇరువది సంవత్సరములు అట్టి సభలలో గడపిన బాండ్ జీవితము నాకు ముఖ్యముగ ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినట్లు తోచును. సభలోని ఆసనము అందు ముందే కూర్చున్నవారిదా, లేక అచటికి మనిషిని పంపినవారిదా?

ఆయన పితామహుడు బానిసగా పుట్టి చదువుకొని మతబోధకుడైనవాడు. తండ్రి హొరేస్ మాన్ బాండ్ కళాశాలల కధ్యక్షత వహించిన విద్యావేత్త. 1940లో నాష్‌విల్ నగరమున జన్మించిన జూలియన్, అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలలో చదువుచు, నల్లవారికి అన్నము పెట్టని ఫలహారశాలల యెదుట 1960లో సాగిన విద్యార్థుల సత్యాగ్రహములో చేరెను. నగర సభాభవనపు భోజనశాలలో కూర్చున్నందుకు నిర్బంధింపబడెను. ఆ యేటనే పుట్టిన విద్యార్థి అహింసా సమన్వయ సంఘమునకు స్థాపకులలో నొకడై, పిదప దాని ప్రచారశాఖను నడపెను. చదువు మానివేసెను, పట్టము పుచ్చుకొన్నది 1971లో, అనగా శాసనసభ్యుడైన తరువాత.

జార్జియా సభకు ఆయనను పంపిన పరిస్థితులు కొంచెము వివరింపవలసియున్నది. అంతర్యుద్ధానంతరము ఎన్నికైన నల్లజాతి సభ్యులను 1868 సెప్టెంబరులో ఆ శాసనసభయే వెళ్లగొట్టినది. ఓటు హక్కు కలిగినంత మాత్రమున పదవి నధిష్ఠించు హక్కు కలుగదని నాటి శ్వేతజాతీయుల వాదము. సమాఖ్య ప్రభుత్వము కలుగజేసికొనగా 1870లో వారు తిరిగి వచ్చిరి. 1907 తరువాత మరల ఆరు దశాబ్దములకు కొంచెము తక్కువగా ప్రతినిధుల సభలో నల్లని ముఖము కనబడలేదు. ప్రతి ఓటుకు సమానమైన విలువ యుండవలెనని న్యాయస్థానములు నియోజకవర్గములను పునర్విభజింపజేయగా, 1965 జూన్‌లో జరిగిన ప్రత్యేక ఎన్నికలలో ఎనిమిదిమంది నల్లజాతివారు ఆ సభకు గెలిచిరి. వారిలో బాండ్ ఒకడు. ఇల్లిల్లు తిరిగి, తనకు ఓటు వేయుమనుటకు ముందు, మీకేమి కావలెనని అడిగి తెలిసికొన్న అభ్యర్థి ఆయన.

సభ తెరచుటకు నాలుగు దినముల ముందు, విద్యార్థి సంఘము వియత్నాం యుద్ధమును ఖండించు ప్రకటన నొకదానిని వెలువరించినది. టస్కిగీలో శ్వేతజాతీయులకు ప్రత్యేకించిన మరుగుదొడ్డిని వాడబోయినందుకు సామీ యంగ్ అను నల్లజాతి యువకుడు కాల్పబడి మరణించి అప్పటికి మూడు దినములే. స్వదేశమున చట్టము రక్షింపని మనిషిని పరదేశమున స్వాతంత్ర్యరక్షణకై పంపుట యెట్లు న్యాయమను ఆక్రోశము ఆ ప్రకటనలో నిండియుండెను. దానిని బాండ్ రచింపలేదు. విలేఖరి అడుగగా, సమర్థించెను. సైనిక నమోదు చీటిని తాను కాల్చనుగాని, కాల్చువారి ధైర్యమును మెచ్చుకొందునని కూడ చెప్పెను. ఇంత మాత్రమే ఆయన నేరము.

సభ వాదములోని మెలకువ నిచట గమనింపవలెను. ఈతడు నల్లవాడు గనుక తగడని వారు పైకి అనలేదు. 1966లో అట్లనుట సాధ్యము కాదు. ఈతడు రాజ్యాంగమునకు బద్ధుడనై యుందునని ప్రమాణము చేయబోవుచున్నాడు, కాని ఈ మాటలు పలికినవాడు ఆ ప్రమాణమును మనఃపూర్వకముగ చేయజాలడు, అనిరి. ప్రమాణము చేయుదునని ఆతడు ముందుకు వచ్చియుండగా, నీ పెదవులు చెప్పినను నీ హృదయము చెప్పదని తీర్పరులైనవారు ఆతని తోటి సభ్యులు! పరుని హృదయము తమకు తెలియునని చెప్పికొను అధికారము కంటె భయంకరమైనది ప్రజాప్రభుత్వమున వేరొకటి యున్నదని నేననుకొనను. 1868లో దేహవర్ణమును చూపి మూసిన తలుపును, 1966లో అంతరంగమును చూపి మూసిరి.

బాండ్ న్యాయస్థానమునకు పోయెను. ఆ నియోజకవర్గపు ఓటరుగా మార్టిన్ లూథర్ కింగ్ తానును వాదియై చేరెను. నా ప్రతినిధిని నాకు కాకుండ చేయుటకు మీరెవరని యడుగుట ఆ చేరికలోని అర్థము. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనములో ఇద్దరు సభ పక్షముననే తీర్పు చెప్పిరి. ఖాళీయైనదని ప్రకటించిన ఆ స్థానమునకు ఫిబ్రవరిలో ఉపఎన్నిక పెట్టగా పోటీ లేకుండ బాండే గెలిచెను. సభ నియమావళి సంఘము మరల కాదనినది. నవంబరులో మరల గెలిచెను. ఏడాదిన్నర లోపల మూడుసార్లు ఒకే ప్రజలు ఒకే పేరు చెప్పిరి. డిసెంబరు 5వ తేదీన సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ బాండ్ పక్షమున నిలిచినది. ప్రధానన్యాయమూర్తి ఎర్ల్ వారెన్ వ్రాసిన ఆ తీర్పు సారము ఇది: ప్రమాణము చేయుమని సభ కోరవచ్చును, దాని నిజాయితీని పరీక్షించు అధికారము సభలోని అధికసంఖ్యాకులకు లేదు, సాధారణ పౌరునికి గల వాక్స్వాతంత్ర్యము శాసనసభ్యునికి తగ్గిపోదు. 1967 జనవరి 9వ తేదీన బాండ్ తన కుర్చీలో కూర్చుండెను, ఈసారి ప్రమాణము చేసి.

తరువాతి కథను త్వరగా చెప్పుదును. 1968లో షికాగోలో జరిగిన డెమోక్రాటిక్ మహాసభలో జార్జియా అధికార ప్రతినిధివర్గముతో తలపడి, సగము స్థానములు సాధించెను. ఉపాధ్యక్ష పదవికి ఆయన పేరు ప్రతిపాదింపబడగా, తనకు రాజ్యాంగము కోరు ముప్పదియైదేండ్లు లేవని తప్పుకొనెను. 1975 వరకు ప్రతినిధుల సభలోను, పిమ్మట 1987 వరకు రాష్ట్ర సెనేటులోను ఉండెను. ఏటికి నలువది పనిదినములు మాత్రమే కూర్చుండు ఆ సభలో ఆయన గొప్ప శాసనకర్త అని చెప్పజాలను. దేశమంతట ఉపన్యాసములకై తిరుగుచు సహచరులకు ఎడమైనాడని వచ్చిన విమర్శలో కొంత సత్యము కలదు.

కాని ఒక్క విషయమున ఆయన చేసిన పని ఆ విమర్శ కందనిది. 1980 జనగణన తరువాత కాంగ్రెసు నియోజకవర్గములను తిరిగి గీయవలసి వచ్చినపుడు, అట్లాంటా నల్లజాతి జనావాసములన్నియు చేరి ఒకటిగ నుండునట్లు, నూటికి 69 మంది నల్లవారుండు అయిదవ నియోజకవర్గమును ఆయన ప్రతిపాదించెను. శాసనసభ తుదకు ఒప్పుకొన్నది 57 శాతము. పైకి అధికసంఖ్యయే, కాని నమోదైన ఓటర్లను లెక్కించినచో వారు సగమైనను కారు. జనాభా పట్టికలో ఇచ్చి, ఓటర్ల పట్టికలో తీసికొనుట యనగా నిదియే. వాషింగ్టన్ సమాఖ్య న్యాయస్థానము 1982లో ఈ విభజన జాతివివక్షతో కూడినదని కొట్టివేయగా, నల్లవారు రమారమి 65 శాతముండునట్లు ఆ సరిహద్దు మరల గీయబడినది.

1986లో ఆ స్థానము ఖాళీ కాగా బాండ్ పోటీ చేసెను. ఎదుట నిలిచినవాడు విద్యార్థి సంఘమున సహచరుడు, చిరకాల మిత్రుడు జాన్ లూయిస్. పార్టీ అభ్యర్థిని తేల్చు ప్రాథమిక ఎన్నికలో బాండ్‌కు 47 శాతము, లూయిస్‌కు 35 శాతము వచ్చినవి. సగము దాటినవారు లేనందున ఇరువురి నడుమ మరల ఎన్నిక జరిగినది. మాదకద్రవ్యముల పరీక్షకు సిద్ధమా యని లూయిస్ సవాలు చేయగా, బాండ్ నిరాకరించెను. నల్లజాతి ఓటర్లలో అధికులు బాండ్ వైపు నిలిచినను, శ్వేతజాతి ఓటర్లు మిక్కిలిగ లూయిస్ నాదరించిరి. ఫలితము 52కు 48. తాను పోరాడి సాధించిన సరిహద్దులోనే బాండ్ ఓడిపోయెను. మిత్రునికి అట్టి సవాలు విసరుట నాకు రుచింపదు. అయినను 1966 నాటి పరీక్షకును దీనికిని భేదము కలదు. అప్పుడు పరీక్షింప పూనినవారు తోటి సభ్యులు, వారికి ఆ అధికారము లేదు. ఇప్పుడు తీర్పు చెప్పినవారు ఓటర్లు. ఆసనము వారిదేయని ఇరువది యేండ్లుగా చెప్పుచు వచ్చినవాడు బాండే.

లూయిస్ 1987 జనవరిలో వాషింగ్టన్‌లో ప్రమాణము చేసి, 2020లో మరణించువరకు ఆ స్థానమున నుండెను. ఆ జనవరిలోనే పౌరహక్కుల పోరాటచరిత్రను చూపు ‘ఐస్ ఆన్ ది ప్రైజ్’ అను టెలివిజన్ ధారావాహిక అమెరికాలో ఆరంభమైనది. దాని తొలి విడతలో కడపటి భాగము సెల్మా పట్టణపు కథ: 1965 మార్చి 7వ తేదీన ఎడ్మండ్ పెటస్ వంతెనపై నడచివచ్చిన వారిపై పోలీసులు లాఠీలతో విరుచుకొనిపడుట, వారి ముందు వరుసలో నున్న లూయిస్ తల పగులుట. ఆ దృశ్యముల వెనుక నుండి నెమ్మదిగ, తొట్రుపాటు లేక, ఆ దినమున ఏమి జరిగినదో దేశమునకు చెప్పుచున్న కంఠము జూలియన్ బాండ్‌ది.