తీర్థయాత్రలో తీర్థం ఎక్కడ?

శివరాత్రి దగ్గరపడుతోందంటే మా కాశీబుగ్గలో జీపుల బేరాలు మొదలవుతాయి. సాయంత్రం బయల్దేరితే మహేంద్రగిరి మీద జాగారం చేసి, మర్నాడు భోజనం వేళకు ఇంటికి చేరుకోవచ్చు. ఆ కొండకు నేను రెండు విధాలుగానూ వెళ్ళాను. ఇరవై ఏళ్ళు పైబడిన కిందట మా చిన్నాన్నతో నాలుగు రోజులు నడిచి ఒకసారి, మొన్నామధ్య జీపులో ఒకసారి. రెండోసారి దర్శనం సుఖంగానే జరిగింది. ఇంటికి వచ్చాక మాత్రం యాత్ర చేసివచ్చినట్టు అనిపించలేదు. అది ఎందుకో తేల్చుకుందామనే ఈ టపా. నడిస్తే పుణ్యం, జీపెక్కితే పాపం అని చెప్పబోవడం లేదు. నా గొడవ వేరు.

చూడని మిత్రుల కోసం రెండు మాటలు. మహేంద్రగిరి ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ఎత్తు 1,501 మీటర్లు. సముద్రానికి అంత దగ్గరలో అంత ఎత్తు కొండ కావడంచేత మబ్బు లేని రోజున మా ఉద్దానం తోటల్లోంచి కూడా నీలంగా కనబడుతుంది. పైన భీముడి పేర ఒకటి, ధర్మరాజు పేర ఒకటి, కుంతి పేర ఒకటి రాతి గుళ్ళున్నాయి. పాండవులే కట్టారని ఊళ్ళవాళ్ళ నమ్మకం. చరిత్ర మాట వేరు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు తమ రాగిరేకుల్లో మహేంద్ర శిఖరాన వెలసిన గోకర్ణస్వామి భక్తులమని చెప్పుకున్నారు. పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడు అక్కడ వేయించిన శాసనాలు నేటికీ ఉన్నాయి. రాజులకు అది విజయానికి గుర్తు. మాబోటివాళ్ళకు అది నీళ్ళు పుట్టే చోటు. మహేంద్రతనయ ఆ కొండల్లోనే పుట్టి, సోంపేట మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. తనయ అన్నారు గనుక ఆ కొండకు కూతురే.

మా చిన్నాన్న యాత్ర పద్ధతి ఆ కూతురి దగ్గర మొదలయ్యేది. కాశీబుగ్గ నుంచి తిన్నగా కొండకు పోకుండా, ముందు బారువ వెళ్ళి, నది సముద్రంలో కలిసేచోట స్నానం చేసి, కోటిలింగేశ్వరుణ్ణి చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడవాలి. "ఇదేం చుట్టుదారి చిన్నాన్నా?" అని విసుక్కున్నాను. "నీళ్ళు దిగొచ్చిన వైపే మనం ఎక్కాలిరా. లేకపోతే ఆ నీళ్ళు ఎవరివో మనకెలా తెలుస్తాది?" అన్నాడు. కొంత ఏటిగట్టు వెంట, కొంత కొబ్బరి, జీడితోటల మధ్య నడిచాం. రెండో రాత్రి మందసలో, వాసుదేవ పెరుమాళ్ గుడి దగ్గర పడుకున్నాం. మూడో రాత్రి కొండ మొదట్లో ఒక సవర పల్లెలో. ఆ ఇంటి ముసలామె మాకు అంబలి పోసింది గాని, ఊరి ఊటలో కాళ్ళు కడుక్కోబోతే కేకలేసింది. "తాగే నీళ్ళు అవి!" అని. నాలుగో రోజు గుళ్ళో ఏం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆమె కేక మాత్రం గుర్తుంది.

తీర్థం అంటే నీరు, నీటిలోకి దిగే రేవు. మొదట నీరు, ఆ తరువాతే గుడి. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మరాజు చేసిన యాత్రా అలాంటిదే. రోమశ మహర్షి వెంట తమ్ముళ్ళతో బయల్దేరి, గంగ సముద్రంలో కలిసేచోట మునిగి, కళింగంలో వైతరణి దాటి, మహేంద్రగిరికి వచ్చి ఒక రాత్రి ఉండి, చతుర్దశి నాడు పరశురాముణ్ణి దర్శించి, ఆపైన గోదావరి వైపు సాగాడు. నది నుంచి కొండకు, కొండ నుంచి మళ్ళీ నదికి. ఏ నీరు ఎక్కడిదో, ఆ ఒడ్డున ఎవరెవరున్నారో రోమశుడు దారిపొడవునా కథలుగా చెబుతూనే ఉంటాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు రాజ్యాన్ని కాళ్ళతో చదువుకున్నాడని నాకు అనిపిస్తుంది.

ఇక జీపు యాత్ర. చీకట్లో ఎక్కాం, జనం మధ్య దర్శనం చేసుకున్నాం, తెల్లవారాక దిగాం. దారిలో ఒక్క ఏరూ మాకు కనబడలేదు. గుళ్ళ వెనక వాలులో ఖాళీ నీళ్ళసీసాలూ, కవర్లూ, ఒకసారి తిని పారేసిన పళ్ళేలూ మాత్రం కనబడ్డాయి. అందులో మా జీపువాళ్ళ వాటా కూడా ఉంది. సీసానీళ్ళు తాగి, ఆ సీసాను నీళ్ళు పుట్టే కొండ మీద పారేసి, పుణ్యం మూటగట్టుకుని వచ్చాం. వానాకాలం వస్తే ఆ చెత్త పోయేదెక్కడికి? మా బారువకే గదా!

జీపుల వల్ల ముసలివాళ్ళూ, నడవలేనివాళ్ళూ కొండ చూడగలుగుతున్నారని మీరనవచ్చు. నిజమే, మా మామ్మను అలా తీసుకెళ్ళగలిగితే బాగుండేదని నేనూ అనుకుంటాను. కాబట్టి దారి వద్దని అనను. కాళ్ళున్న మనబోటివాళ్ళు కూడా ముసలివాళ్ళ వంకతో జీపెక్కడమే నాకు నచ్చనిది.

మా ప్రాంతానికి ఇది వట్టి శుభ్రత సంగతి కాదు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. దానికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. జనం అనుమానం మాత్రం ఏళ్ళ తరబడి తాగే నీటి మీదనే. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు సుమారు 700 కోట్ల రూపాయల సుజలధార పథకమూ ప్రారంభమైంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం మండలాలకు గొట్టాల్లో తెచ్చే పథకమది. ఆ వంశధార పుట్టిందీ ఒడిశా కొండల్లోనే. మహేంద్రతనయ అనే పేరుగల మరో నది గజపతి జిల్లా నుంచి దిగివచ్చి గొట్టా ఆనకట్టకు ఎగువన వంశధారలోనే కలుస్తుంది. అంటే మా కుళాయి ఇటు, దాని కొండ అటు. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు గీసిన గీత నీటికి తెలియదు గాని మనుషులకు బాగా తెలుసు. "అది వాళ్ళ కొండ" అనేస్తాం. 2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటిస్తే మా వైపు దాన్ని గురించి మాట్లాడుకున్నవాళ్ళు ఎందరు? ఏడాదికొకసారి గీత దాటి కొండెక్కే మనకు యాత్ర ఒక్కటే దారి, ఆ నీళ్ళు మనవి కూడా అని తెలుసుకోవడానికి.

మా చిన్నాన్న ఇప్పుడు నడవలేడు. 2018లో తిత్లీ తుపాను ఆయన జీడితోటను కూల్చింది. ఆ తరువాత రెండేళ్ళకు జబ్బు బయటపడింది. వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని వైద్యులు కొలత పెట్టారు. నేను జీపులో వెళ్తున్నానని తెలిసి, "ఊటనీళ్ళు కాసిని పట్టుకురారా" అన్నాడు. తీరా పైకి వెళ్ళాక ఊట ఎటో నాకు తెలియలేదు. నడిచిన దారిలో ఉంది గాని జీపు దారిలో లేదు. ఉత్త చేతులతో వచ్చి ఆ మాట చెబితే ఆయన కోప్పడలేదు. "ఉద్ధరిణెడు చాలునురా, అంతకన్నా నాకు తాగ్గూడదు కూడాను" అని నవ్వాడు.

వచ్చే శివరాత్రికి బారువలో మునిగి బయల్దేరాలని నిశ్చయించుకున్నాను. నాలుగు రోజులు సెలవు దొరకనివాళ్ళు చివరి రోజైనా నడవవచ్చు. నేను పెట్టుకున్న నియమాలు రెండే: పైకి మోసుకెళ్ళినదంతా కిందికి మోసుకురావడం, దారిలో తగిలిన ప్రతి ఏటి పేరూ అక్కడివాళ్ళను అడిగి తెలుసుకోవడం. ఆ సవర పల్లె ఊటనూ వెతకాలి. దొరికితే చిన్న సీసాడు నీళ్ళు, ముందు కాళ్ళు కడుక్కోకుండా, అడిగి పట్టుకుంటాను.

మీ ఊళ్ళ వైపు కూడా ఇలాంటి నీటియాత్రలు ఉంటే రాయండి. చదవాలని ఉంది.