దండం పెట్టిన చేత్తోనే

గోదావరి జిల్లాల్లో కొందరు పితృతర్పణాలప్పుడు తమ తాతముత్తాతలతో పాటు ఒక ఇంగ్లిషు దొరకీ నీళ్లు వదులుతారు. ఆయన సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించిన ఇంజనీరు. కళ్లెదుట నది పారుతున్నా 1830ల్లో కరువుకు చితికిపోయిన నేల ఆ నీటితో మాగాణి అయింది. ఆకలప్పుడు అన్నం పెట్టిన చెయ్యి ఎవరికైనా గుర్తుంటుంది. తరాల తరబడి కడుపు నిండాక కూడా ఆ చేతిని తలుచుకోవడమే నాకు గొప్పగా కనిపిస్తుంది.

అయితే వీణెం వీరన్న పేరు ఎందరికి తెలుసు? కాటన్ పక్కనే ఉండి, కూలీలను కూడగట్టి పని నడిపించిన మన మనిషి. ఇక ఆ రాళ్లు మోసిన వేలమంది పేర్లు చెప్పేవాళ్లే లేరు. మన తలపు దొర విగ్రహం దగ్గరే ఆగిపోకూడదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పూడిక తీసే కూలీ, వేళాపాళా లేకుండా నీటిని కాచుకునే లస్కరు ఇవాళ్టికీ మన అన్నంలో ఉన్నారు.

అదే గోదావరి ముంచేస్తుంది కూడా. 1986 ఆగస్టులో ముంచింది, 2022 జులైలో లంక గ్రామాలు మళ్లీ నీళ్లలో నిలిచాయి. ఇల్లు మునిగిన ఇల్లాలితో ‘ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు’ అంటుంటాం. ఆ మాట ఆమె తనకు తాను చెప్పుకుంటే గుండె దిటవు. గట్టు మీద పొడి బట్టలతో నిలబడ్డవాళ్లు చెబితే ఆమె నోరు నొక్కడమే. కష్టానికి ఎవరూ దండం పెట్టనక్కర్లేదు. ఆ కష్టంలో నాటుపడవ మీద మంచినీళ్లు తెచ్చినవాడికి, పశువుల కట్లు విప్పి గట్టెక్కించిన పక్కింటి కుర్రాడికి పెట్టాలి. లంకల జనం పెడతారు కూడా, మనసారా.

ఆ చేత్తోనే అర్జీ కూడా రాస్తారు. అరటి, కూరగాయలు వేసి నష్టపోయిన కౌలు రైతు, పొలం తన పేరున లేనంత మాత్రాన పరిహారం జాబితాలో తన పేరెందుకు ఉండకూడదని అడుగుతాడు. ఏటిగట్టు బలహీనంగా ఉన్న చోటు చూపించి, వచ్చే వరదలోగా ఏం చేస్తారని నిలదీస్తాడు. సాయం తెచ్చిన అధికారులు దాన్ని విశ్వాసం లేని మాటగా తీసుకోకుండా, అక్కడే కూర్చుని రాసుకుని వెళ్లాలి.