నూనె మరక

నేను చదివింది కామర్సు. అయినా గంజాం పల్లెల్లో ట్రాక్టరు అప్పులు చూసీ చూసీ ఇంజను సంగతులు కొన్ని వంటబట్టాయి. హింజిలి వైపు పాత ట్రాక్టరు నూనె కారితే, "ఇంజను విప్పించాలి, అప్పిప్పించండి బాబూ" అంటారు రైతులు. ముందు బ్రీదరు గొట్టం చూడమంటాను. అది పూడుకుపోతే లోపలి గాలికి దారిలేక, ఆ ఒత్తిడికి సీళ్ళ పక్కనుంచి నూనె తన్నుకొస్తుంది. కొత్త సీలు వేసినా మళ్ళీ అంతే.

బ్రీదరు శుభ్రం చేశాక, చల్లారిన ఇంజనును డీజిలుతో తుడిచి, బాగా ఆరనిచ్చి, సుద్దపొడి చల్లి నడిపించండి. మొదట తడిసిన చోటే అసలు లీకు. నూనె కిందికి జారుతుంది కనుక నేలమీది మరకను నమ్మకండి. అక్కడి బోల్టులు వదులైతే సమంగా బిగించండి. అతిగా బిగిస్తే గ్యాస్కెట్టు నలుగుతుంది.

బ్రీదరు బాగుండీ అందులోంచి పొగ గుప్పుమంటుంటే రింగులు అరిగి ఉండవచ్చు. మెకానిక్కు చూసి అవునంటే, అప్పుడు రండి బ్యాంకుకి!