ఏడాదికొక్క కిలోమీటరు

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, చిలుకానగర్, రామంతాపూర్ కాలనీల పెద్దలకు, అపార్ట్‌మెంట్ సంఘాల వారికి, దుకాణదారులకు, పారిశ్రామికవాడలో పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి.

నాచారంలో మా గల్లీ చివర రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఒక అవ్వ కనిపిస్తుంది. ఒక చేత్తో మనవరాలి చెయ్యి పట్టుకుంటుంది, ఇంకో చేతిలో టిఫిన్ సంచి, భుజానికి ఆ పిల్ల బ్యాగు. బడి ఎంతో దూరం లేదు. కానీ ఫుట్‌పాత్ ఎక్కిన నాలుగడుగులకే ట్రాన్స్‌ఫార్మర్ కంచె అడ్డం వస్తుంది. రోడ్డు మీదికి దిగాలి. మళ్లీ ఎక్కితే ఒక దుకాణం ర్యాంపు, మళ్లీ దిగాలి. ఆ పైన మురుగుకాల్వ మీద ఒక పలక లేదు. ఎవరో పుణ్యాత్ములు ఎండుకొమ్మ ఒకటి గుచ్చి, దానికి ఎర్రగుడ్డ కట్టి పోయారు. మోకాళ్ల నొప్పుల మనిషి ఎన్నిసార్లని ఎక్కి దిగుతుంది? చివరికి ఇద్దరూ రోడ్డు మీదే నడుస్తారు. వెనక బస్సు హారన్ వినిపిస్తే అవ్వ పిల్లను గోడ వైపు లాక్కుని, "జర ఆగు బిడ్డా, బస్సు పోనియ్యి" అంటుంది. బస్సు పోతుంది. ఆ వెనకే ఆటో, ఆ వెనకే బైకు. అవ్వ ఆగే ఉంటుంది.

ఆ అవ్వ కోసమే ఈ విజ్ఞప్తి రాస్తున్నాను. అడిగేది చిన్న పని. మన ప్రాంతంలో ఏడాదికి ఒక్క కిలోమీటరు, ఎక్కడా తెగకుండా, నడవడానికి వీలైన దారి కావాలి. దాని పక్కన గానీ, దానికి సమాంతరంగా లోపలి గల్లీల్లో గానీ సైకిలుకు ఒక దారి కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో మనమే తేల్చుకుందాం. దానికి డబ్బు ప్రతి ఏడాదీ బడ్జెట్‌లో పేరు పెట్టి కేటాయించమని అందరం ఒక్క గొంతుతో అడుగుదాం.

మన వైపు ఏమీ జరగలేదని నేను అనను. 2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో వచ్చింది. ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్లు మన గుమ్మంలోకి వచ్చాయి. ఉప్పల్ రింగురోడ్డు చౌరస్తాలో వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం పరుగెత్తే జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటేవాళ్లు. అక్కడ హెచ్‌ఎండీఏ సుమారు 660 మీటర్ల స్కైవాక్ కట్టింది, 2023 జూన్‌లో తెరిచారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టి చౌరస్తా నాలుగు దిక్కులనూ మెట్రో స్టేషన్‌తో కలిపారు. నడిచే మనిషి కోసం ప్రభుత్వం కోట్లు ఖర్చుపెట్టగలదని మన కళ్లముందే రుజువైంది.

అయితే స్కైవాక్ మెట్లు దిగిన మనిషి ఇంటికి ఎలా వెళ్లాలి? చౌరస్తా దాటడం రెండు నిమిషాల పని. ఇల్లు చేరడం ఇరవై నిమిషాల నడక. ఆ ఇరవై నిమిషాల గురించి ఏ శంకుస్థాపన ఫలకం మీదా రాసి లేదు. నాచారం నుంచి హబ్సిగూడ మెట్రోకి సైకిల్ మీద పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ మాత్రం దూరానికి ఆటోకు రానూ పోనూ డబ్బు పెట్టేవాళ్లు, బైకు తీసి ట్రాఫిక్‌లో ఇంకొక బండి అయ్యేవాళ్లు మనలో ఎంతమంది లేరు? మెట్రో దగ్గరున్నా దారి లేకపోతే అది దూరమే.

నగరానికి పడమట నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో వచ్చింది. పైన సోలార్ పలకల నీడ, కింద నున్నటి దారి. చూడముచ్చటగా ఉంది, అటువైపు వాళ్లకు వచ్చినందుకు సంతోషమే. మన వైపు సైకిల్ తొక్కేవాళ్లు వేరు. ఇక్కడ సైకిల్ తొక్కేది వ్యాయామం కోసం కాదు, బతుకుతెరువు కోసం. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు మారే వేళ ఒకసారి నిలబడి చూడండి. హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్ తగిలించుకుని, చెమటకు తడిసిన చొక్కాతో, లారీకీ డివైడర్‌కూ మధ్య జానెడు సందులో వెళ్లే మనుషులు కనిపిస్తారు. మొన్న ఒకాయన యూటర్న్ మరీ దూరమై, నిండు ట్రాఫిక్‌లో సైకిల్‌ను భుజానికెత్తుకుని డివైడర్ దాటడం చూశాను. పాల ప్యాకెట్లు వేసేవాళ్లు, వాచ్‌మెన్లు, ట్యూషన్లకు వెళ్లే పిల్లలు కూడా ఈ రోడ్ల మీదే తొక్కుతున్నారు. సైకిల్ దారి అందరికంటే ముందు అవసరమైనది వీళ్లకే.

ఈ దారులను ఎవరో దయతో ఇచ్చేవిగా అనుకోకండి. 2025 మే 14న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. దివ్యాంగులకు కూడా పనికివచ్చేలా ఫుట్‌పాత్‌లు ఉండాలనీ, ఆక్రమణలు తొలగించాలనీ ఆదేశించింది. కొలతలు కూడా ఎప్పుడో ఖాయమయ్యాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే ఇంచుమించు ఆరడుగుల వెడల్పు ఉండాలి. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే అర అడుగు దాటకూడదు. అవ్వ మోకాలు అడిగేది కూడా ఆ అర అడుగే. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022 ఒక్క ఏడాదే దేశంలో 32,825 మంది నడుస్తూ రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. రోడ్డు మీద పోయిన ప్రతి ఐదు ప్రాణాల్లో దాదాపు ఒకటి నడిచే మనిషిది.

ఇప్పుడు పని సంగతి. ఫుట్‌పాత్ కావాలని అర్జీ ఇస్తే ఆఫీసులో దాన్ని ఫైలులో పెడతారు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా, ఇన్ని మీటర్లు, ఇన్నిచోట్ల అడ్డం, ఇన్ని పలకలు లేవు అని కొలతలతో ఇస్తే అసిస్టెంట్ ఇంజనీరు ఎస్టిమేట్ వెయ్యక తప్పదు. ఎస్టిమేట్ లేని పనికి మంజూరు లేదు, మంజూరు లేని పనికి టెండరు లేదు. కార్లకు ఫ్లైఓవర్ కావాలంటే కన్సల్టెంట్లు సవివర ప్రాజెక్టు నివేదికలు (డీపీఆర్‌లు) తయారుచేస్తారు. నడిచేవాడి తరఫున ఆ కాగితం ఎవరూ రాయరు. అది మనమే రాయాలి.

అందుకు మూడు దారులు నా మనసులో ఉన్నాయి. మీరు మార్చవచ్చు, చేర్చవచ్చు. మొదటిది నాచారం నుంచి హబ్సిగూడ మెట్రో దాకా. రెండోది చిలుకానగర్ మీదుగా ఉప్పల్ మెట్రో, స్కైవాక్ దాకా. మూడోది నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి చుట్టూ, కట్టు కట్టిన కాలితోనో, కర్ర సాయంతోనో వచ్చే కార్మికులు నడిచే దారి. సైకిలుకు మెయిన్ రోడ్డు మీద ఈ రోజే చోటు దొరకకపోవచ్చు. హెచ్‌ఎంటీ నగర్, స్నేహపురి వంటి కాలనీల లోపలి రోడ్లను కలిపి, బండ్ల వేగం తగ్గించి, బోర్డులు, వీధిదీపాలు పెట్టి, మెట్రో దగ్గర నీడతో, తాళంతో సైకిల్ స్టాండు ఇస్తే చాలు. కొత్త రోడ్డు వెయ్యనక్కర్లేదు.

ఇంకో మాట జ్ఞాపకం చేస్తాను. 2020 అక్టోబరు వానలు మీరెవరూ మరిచిపోయి ఉండరు. రామంతాపూర్ చెరువు పొంగి హబ్సిగూడ వీధుల్లో నడుములోతు నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత నాలాల పనులకు ప్రత్యేక పథకం వచ్చింది, నిధులు వచ్చాయి. వాననీటి కాల్వ కట్టి, మీద గట్టి పలకలు సమంగా పరిస్తే అదే ఫుట్‌పాత్ అవుతుంది. కాల్వకు పెట్టే డబ్బులోనే నడక దారీ వస్తుంది. అయితే ఎస్టిమేట్ వేసే రోజే ఆ మాట అందులో ఎక్కాలి. కాల్వ కట్టాక అడిగితే ఇంకో టెండరు, ఇంకో తవ్వకం. వాటర్ బోర్డు గానీ, కరెంటు వాళ్లు గానీ తవ్వినప్పుడు పేవర్లు తిరిగి పరిచే బాధ్యత కూడా అనుమతి కాగితంలోనే రాయించాలి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ 2018 నుంచి సాగుతోంది. దాని కింద రోడ్డు సరిచేసే ప్రతిసారీ ఫుట్‌పాత్ కూడా లెక్కలో ఉందా అని అడగాల్సింది మనమే.

డబ్బు ఎక్కడిది అంటారా? ఆస్తిపన్ను మనం కడుతున్నాం. కార్పొరేషన్ బడ్జెట్ ముసాయిదా చలికాలంలో తయారై మార్చిలోపు ఆమోదం పొందుతుంది. కాబట్టి మన కాగితం దసరా, దీపావళి నాటికే వార్డు ఆఫీసులో ఉండాలి. ఏప్రిల్లో ఇస్తే ఏడాది పోయినట్టే. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల స్థానిక అభివృద్ధి నిధి ఉంది, ఎమ్మెల్యేకూ నియోజకవర్గ నిధి ఉంది. పెద్ద కంపెనీలు 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలి. మన పారిశ్రామికవాడల్లో అలాంటివి ఉన్నాయి. తమ గేటు ముందు తమ కార్మికులు నడిచే అర కిలోమీటరును బాగుచేయండి అని అడిగితే ఏ యాజమాన్యమైనా కాదనడం కష్టం. చెన్నై కార్పొరేషన్ 2014లోనే ఒక విధానం తెచ్చింది. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడకకూ, సైకిలుకూ పెట్టాలని అందులో రాసుకుంది. మనం 60 శాతం అడగడం లేదు. ఏడాదికొక్క కిలోమీటరుకు సరిపడా, ఒక పేరుతో, ఒక పద్దుతో అడుగుతున్నాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం ఇన్నాళ్లూ అడగలేదు.

దుకాణదారులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ ముందు పార్కింగ్ పోతుందని మీ భయం, అది నాకు తెలుసు. బండి దిగి లోపలికి వచ్చేవాడే మీ గిరాకీ అనుకోవద్దు. రోజూ మీ ముందు నుంచి నడిచి వెళ్లే వందల మంది ఆగడానికి అడుగు చోటు లేక వెళ్లిపోతున్నారు. మీ ర్యాంపును మీ గడప లోపలికి జరుపుకుంటే, అదే మన మొదటి కిలోమీటరులో మీ వాటా.

బండి మీద పండ్లు, పూలు, మిర్చి బజ్జీలు అమ్మేవాళ్లను తరిమేయమని ఈ విజ్ఞప్తిలో ఎక్కడా అడగడం లేదు, అడగబోము. సాయంత్రం పూట ఆ బండ్ల దీపాల వెలుగులోనే ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తున్నారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వాళ్లే ఉండాలి. వాళ్లను పిలిచి, నడిచే ఆరడుగులు వదిలి, బండ్లకు గీత గీసి చోటు ఇద్దాం. కొలతకు వెళ్లిన రోజు వాళ్లూ మనతో ఉండాలి.

"ఈ ఎండల్లో ఎవరు నడుస్తారు?" అని కొందరు అడుగుతారు. ఇప్పటికే నడుస్తున్నారు. మనం చూడడం లేదంతే. నడిచే దారితో పాటు వేపో, కానుగో పది అడుగులకొకటి నాటితే ఎండ సంగతి చెట్లు చూసుకుంటాయి. "సైకిళ్లు పాతకాలం మాట" అనేవాళ్లకు నెదర్లాండ్స్ సంగతి చెబుతాను. ఆ దేశం పుట్టుకతో సైకిళ్ల దేశం కాలేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అమ్మలూ నాన్నలూ, మామూలు మనుషులు వీధుల్లోకి వచ్చి పిల్లల కోసం దారి అడిగారు. ఆ తర్వాతే ప్రభుత్వం దారులు వేసింది.

మీ నుంచి నేను కోరేవి ఇవి. ప్రతి కాలనీ సంఘం ఇద్దరిని ఇవ్వండి, వారిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. బడులు పిల్లల చేత ఇంటి నుంచి బడికి దారి బొమ్మ గీయించండి, ఎక్కడ భయం వేస్తుందో అక్కడ చుక్క పెట్టమనండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లు ఉంటే దయచేసి మాతో రండి, మీరు వెళ్లగలిగిన దారిలో అందరూ వెళ్లగలరు. కొలతలు పూర్తయ్యాక అన్ని సంఘాల సంతకాలతో ఒకే కాగితం వార్డు ఆఫీసుకు, సోమవారం ప్రజావాణికి, ఎమ్మెల్యేకు, ఎంపీకి ఇద్దాం. మూడు నెలలకు జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఫైలు ఎక్కడుందో అడుగుదాం. ఫుట్‌పాత్ మీద బండి ఎక్కించే మన ఇంటి పిల్లలకు మనమే చెబుదాం. అది ఈ రోజే చెయ్యొచ్చు, దానికి ఏ నిధులూ అక్కర్లేదు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు నాచారం చౌరస్తాలో కలుద్దాం. అక్కణ్నుంచి హబ్సిగూడ మెట్రో దాకా నడుస్తూ, ప్రతి అడ్డంకినీ ఫోటో తీసి, కొలిచి రాసుకుందాం. అవ్వను కూడా అడిగాను. "నేనొస్త బిడ్డా, యాడ దిగాల్నో, యాడ ఎక్కాల్నో నాకే బాగ తెలుసు" అంది. టేపు నేను తెస్తాను. ఒక నోటుబుక్కు, పెన్సిలు మీరు తెచ్చుకోండి.

ఇట్లు
నాచారం నుంచి, మీ ఇరుగుపొరుగు