సున్నపుతేట ఒక్కటే సాక్ష్యం కాదు

పదో తరగతి సైన్సు పరీక్షకు చదివే ప్రతి విద్యార్థికీ ఈ ప్రశ్న తెలుసు. ఒక వాయువును సున్నపుతేటలోకి పంపితే అది పాలలా తెల్లబడింది, ఆ వాయువు ఏది? కార్బన్ డయాక్సైడ్ అని రాస్తే మార్కు వస్తుంది. కానీ సల్ఫర్ డయాక్సైడ్ కూడా సున్నపుతేటను అలాగే తెల్లబరుస్తుందన్న సంగతి గైడులో ఉండదు. మార్కు వచ్చింది కదా అని అక్కడే ఆగిపోవడం మీదే మా అభ్యంతరం.

ఈ రెండో వాయువు చెరకు పండే ప్రాంతం వాళ్లకు పరాయిది కాదు. మన దేశంలో తెల్ల చక్కెర తీసే మిల్లుల్లో ఎక్కువ భాగం చెరకు రసానికి సున్నం కలిపి, గంధకం కాల్చగా వచ్చే వాయువు పట్టించి రసాన్ని తేటపరుస్తాయి. గంధకం కాలితే వచ్చేది సల్ఫర్ డయాక్సైడే. 1937లో పుట్టి, 2015లో మూతపడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్ పక్కన చదువుతూ కూడా ఈ మాట తరగతి గదిలో వినకపోవడం విడ్డూరమే.

మరి రెండింటినీ వేరు చేయడం ఎట్లా? సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుగా గొంతు పట్టేస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌కు వాసనే లేదు. ఆమ్లం కలిపిన పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలోకి పంపితే మొదటిది నారింజ రంగును ఆకుపచ్చగా మారుస్తుంది, రెండోది ఏమీ చేయదు. పంచాయతీలో ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పం కదా, వాయువు విషయంలోనూ అంతే. రంగు, వాసన, బరువు, నీటిలో కరగడం, మంటతో ప్రవర్తన, లిట్మస్ రంగు అన్నీ అడిగాకే పేరు పెట్టాలి.

మన తెలుగు నేలకు ఈ విద్యలో గొప్ప చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు ప్రభుత్వ ఖగోళ శాస్త్రజ్ఞుడు పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అందులో ఒక పసుపు గీతను మొదట సోడియందిగా భావించారు. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ కొలిచి చూస్తే అది సోడియం గీతలున్న చోట లేదు. ఆ తెలియని వాయువుకే హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే లండన్‌లో ఒక యురేనియం ఖనిజంపై ఆమ్లం పోసి వాయువు పట్టి, దాని కాంతిలో అదే పసుపు గీత చూశాకే అది భూమి మీద దొరికినట్టయింది. దగ్గరలో ఉన్న జవాబుతో సరిపెట్టుకుని ఉంటే అది సోడియంగానే మిగిలిపోయేది.

ఇదంతా పరీక్ష కోసమే అయితే ఇంత రాసే పని లేదు. మనలో చాలామంది తండ్రులు, అన్నలు బావులు తవ్వుతారు, పూడిక తీస్తారు, మురుగు కాల్వలు శుభ్రం చేస్తారు. పాడుబడిన బావిలోకి దిగేముందు లాంతరు దించి చూసే పద్ధతి ఊళ్లలో పెద్దలకు తెలుసు. కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, అడుగున పేరుకుంటుంది, దీపం ఆరిపోతుంది. బడి మొహం చూడని మనుషులు చేసిన చక్కని ప్రయోగం అది.

కానీ ఆ దీపం సెప్టిక్ ట్యాంకు దగ్గర మోసం చేస్తుంది. అక్కడ పుట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలిలో 0.1 శాతం ఉంటే చాలు, మనిషి కొద్ది క్షణాల్లో పడిపోతాడు. అంత తక్కువ వాయువుకు దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పైగా అక్కడ మీథేన్ కూడా చేరి ఉంటే దీపమే పేలుడుకు కారణమవుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుందని పుస్తకంలో రాశారు. నిజమే, కానీ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని దిగినవాడు తిరిగి రాడు. అతన్ని తీయబోయి దిగిన రెండోవాడి గతీ అంతే. లెడ్ ఎసిటేట్‌లో తడిపిన కాగితం నల్లబడితే ఆ వాయువు ఉన్నట్టు, ఇది పుస్తకంలో ఉంది. ఉందని చెప్పడానికే ఆ కాగితం, దిగవచ్చని చెప్పడానికి కాదు. దానికి గాలిని కొలిచే మీటరు కావాలి.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మురుగు కాల్వలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటంలో ముందు నిలిచిన బెజవాడ విల్సన్ కోలార్ గనుల దగ్గర పుట్టిన తెలుగు బిడ్డ, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ప్రాణం పోయాక వచ్చే డబ్బు గురించి మన ఇళ్లలో అందరికీ తెలుసు. ప్రాణం తీసే వాయువు గురించి మాత్రం బట్టీ పట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వస్తున్నాం.

మేము చదివిన బడుల్లో ల్యాబ్ బీరువాకు తాళం ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలిసేది కాదు. సీసాలు పగులుతాయని భయం. అసలు చాలా పరీక్షలకు బీరువా తెరవాల్సిన పనే లేదు. పాన్ డబ్బాలో దొరికే సున్నం నీళ్లలో కలిపి తేర్చితే సున్నపుతేట. వంటసోడా మీద నిమ్మరసం పిండితే కార్బన్ డయాక్సైడ్. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో మాంగనీస్ డయాక్సైడ్ చిటికెడు వేస్తే ఆక్సిజన్, అందులో అగరుబత్తి నిప్పు భగ్గున మెరుస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ జోలికి మాత్రం సార్ లేకుండా ఎవరూ పోవద్దు. ఏ వాయువునైనా ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చవద్దు, చేత్తో విసిరి కొద్దిగా చూడాలి.

వచ్చే వార్షికోత్సవం నాడు డ్యాన్సుల స్టేజీ పక్కన ఒక బల్ల వేయమని వార్డెన్ గారిని కోరుతున్నాం. పేర్లు రాయని మూడు సీసాలు పెడదాం, ఏ సీసాలో ఏ వాయువుందో మన తమ్ముళ్లు పరీక్షించి చెబుతారు. ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులను ముందు వరసలో కూర్చోబెడదాం. లాంతరు ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ అబద్ధం చెబుతుందో వాళ్లకు వాళ్ల పిల్లల నోటే వినిపిద్దాం.