దువ్వెనకు వచ్చే కుచ్చు ఏం చెబుతోంది?

ఇప్ప నూనె రాసినా, బయోటిన్ మాత్రలు మింగినా జుట్టు చివరకు అడిగేది రక్తాన్నీ, కంచంలోని తిండినే

కిష్టారం పేరు తెలుగు పత్రికల్లో ఎక్కువగా కనిపించింది మందుపాతరల వార్తల్లోనే. 2018 మార్చి 13న పాలోడి దారిలో జరిగిన పేలుడులో 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయినప్పుడు దేశమంతా ఆ పేరు విన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో కోయలు, దోర్లలు నివసిస్తారు. వాళ్ల మాటల్లో తెలుగు ధారాళంగా కలుస్తుంది. మిరప కోతల కాలంలో ఈ వైపు నుంచి జనం భద్రాచలం, ఖమ్మం చేలకు కూలికి వస్తారు. నూనె రాసి, బిగించి ముడిచిన ఆడవాళ్ల కొప్పులు చూసి 'అడవిలో ఉంటారు కదా, జుట్టుకేం' అనుకోవడం మైదాన ప్రాంతం వాళ్లకు అలవాటు. ఆ మాటలో కొంత నిజం, చాలా భ్రమ ఉన్నాయి.

నిజం సంగతి ముందు. ఇప్ప చెట్టు అనగానే బయటివాళ్లకు సారా గుర్తొస్తుంది. అడవిలో మాత్రం పూలెంతో గింజలూ అంతే. బస్తర్‌లో తోరా అని పిలిచే ఈ గింజలను వేసవి చివర ఏరి, ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, రెండు బరువైన దూలాల మధ్య నొక్కి నూనె తీయడం పాత పద్ధతి. వంటకూ, దీపానికీ, ఒంటికీ, తలకూ అదే నూనె. చలికాలంలో గడ్డకడుతుంది. వాసన కొత్తవాళ్లకు ఒక పట్టాన నచ్చదు.

ఇది జుట్టును పెంచుతుందా? పెంచదు. ఆ మాటకొస్తే ఏ నూనే పెంచదు. ముంబయిలోని మారికో సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రోటీన్ పోకుండా కొంత కాపాడుతుందని తేలింది. పొద్దుతిరుగుడు నూనెకూ, మినరల్ ఆయిల్‌కూ ఆ గుణం కనిపించలేదు. (కొబ్బరినూనె అమ్మే కంపెనీయే ఆ అధ్యయనం చేయించిందన్నది గుర్తుంచుకోవాలి.) ఆ గుణానికి కారణం కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లమని వాళ్ల వివరణ. ఇప్ప నూనెలో ప్రధానంగా ఉండేవి ఒలీక్, పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు. కాబట్టి దాని పని ఎక్కువగా వెంట్రుక పైపైనే. దువ్వెన సులువుగా జారుతుంది, చిక్కులు తగ్గుతాయి, తెగడం తగ్గుతుంది. తెగని జుట్టు ఒత్తుగా కనిపించడంలో వింతేమీ లేదు. అయితే చుండ్రు ఉన్నవాళ్లు రాత్రంతా తలకు నూనె పట్టించి ఉంచడం పొరపాటు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే సూక్ష్మజీవికి ఆ నూనె విందుభోజనం.

దువ్వెనకు బస్తర్‌లో పెద్ద చరిత్రే ఉంది. కిష్టారానికి చాలా ఉత్తరాన, నారాయణపూర్, కొండగావ్ వైపు మురియా గోండుల గోటుల్‌లో కుర్రాళ్లు చెక్క దువ్వెనలు చెక్కి అమ్మాయిలకు ఇచ్చేవారు. 1947లో వెరియర్ ఎల్విన్ ప్రచురించిన మురియాల పుస్తకంలో ఈ దువ్వెనల గురించి వివరంగా ఉంది. సాయంత్రం ఒకరి తల ఒకరు దువ్వడం అక్కడి మర్యాదల్లో ఒకటి. పేలు చూడటానికీ, తలలో పుండ్లు కనిపెట్టడానికీ అంతకు మించిన ఏర్పాటు లేదు. మన ఇళ్లలోనూ అరుగు మీద కూర్చోబెట్టి అమ్మమ్మలు చేసిన పని ఇదే. ఇప్పుడు ఎవరి తల వాళ్లే, అదీ హడావుడిగా, తడి ఆరకుండానే దువ్వుకుంటున్నారు. తడి వెంట్రుక బలహీనం. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కింది నుంచి చిక్కు తీసుకుంటూ పైకి వెళ్లాలి.

ఇక భ్రమ సంగతి. తలమీద ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికి రెండుసార్లు తలంటుకునేవారికి ఆ రోజు ఎక్కువ రాలినట్లు కనిపిస్తుంది, అది మూడు రోజుల బాకీ అంతే. అసలు సమస్య గట్టి జ్వరం తర్వాత వస్తుంది. శరీరం కష్టంలో పడినప్పుడు చాలా వెంట్రుకలు పెరగడం మానేసి ఒక్కసారిగా విశ్రాంతి దశకు వెళతాయి. రెండు, మూడు నెలల తర్వాత గుప్పెళ్లకొద్దీ ఊడతాయి. అప్పటికి జ్వరం సంగతి మరచిపోయి ఉంటారు కాబట్టి నింద సబ్బు మీదో, బోరు నీళ్ల మీదో పడుతుంది. కోవిడ్ తర్వాత నగరాల్లో వేలమందికి ఇదే అనుభవం. బాలింతలకూ, తిండి మానేసి నెలలో పది కిలోలు తగ్గేవారికీ అంతే. ఆందోళన అక్కర్లేదు, కారణం తొలగితే ఆరు నెలల్లో చాలావరకు తిరిగి వస్తుంది.

కారణం తొలగకపోతేనే చిక్కు. దక్షిణ బస్తర్‌లో మలేరియా ఏటా వచ్చే చుట్టం. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'మలేరియా ముక్త్ బస్తర్' పేరుతో ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్షలు మొదలుపెట్టింది. లక్షణాలు బయటపడకుండానే ఒంట్లో మలేరియా ఉండిపోయి రక్తాన్ని తినేస్తుంది కనుక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఛత్తీస్‌గఢ్‌లో 60.8 శాతం. అడవి వాళ్ల బాధ అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు: ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. ఇనుము కొరవడిన ఒంటికి జుట్టు చివరి ప్రాధాన్యం. పిల్లల్లోనైతే ఆ తేడా రంగులోనే కనిపిస్తుంది. మాంసకృత్తులు బాగా తగ్గితే నల్లజుట్టు ఎర్రబారి, పలచబడి, లాగితే ఊడివస్తుంది. అలాంటి తలకు కావలసింది గుడ్డు, పప్పు. షాంపూ కాదు.

పెద్దలకూ దినచర్య పెద్ద కష్టమేమీ కాదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, తినేవారైతే మాంసం, కాలేయం. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులో కొంత పోతుంది. ఐరన్ మాత్రలు మాత్రం పరీక్ష చేయించుకున్నాకే వేసుకోవాలి. మధ్యభారతంలో సికిల్‌సెల్ జబ్బు ఎక్కువ, అందులోని రక్తహీనతకు ఐరన్ లోపమే కారణం కావాలని లేదు. బయోటిన్ మీద ఖర్చు చాలామందికి దండగ. ఆ విటమిన్ లోపం అరుదు. పైగా అది రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. వాడుతున్నవారు థైరాయిడ్ పరీక్షకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

జడ గానీ కొప్పు గానీ రోజూ నుదురు లాగేంత బిగించకూడదు. చెంపల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతోందంటే ముడి వదులు చేయాల్సిందే. ఏళ్ల తరబడి లాగిన చోట మళ్లీ మొలవకపోవచ్చు. పాపిట ఏటికేడు వెడల్పవుతుంటే, గుండ్రంగా ఒకచోటే ఊడితే చర్మవైద్యుణ్ని చూడాలి. 1988లో అమెరికాలో పురుషుల బట్టతలకు అనుమతి పొందిన మినాక్సిడిల్ కొందరికి పనిచేస్తుంది. ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుందన్న సంగతి అమ్మే దుకాణంలో ఎవరూ చెప్పరు.