మోనజైట్‌కీ అయస్కాంతానికీ నడుమ

ఆర్గానోఫాస్ఫరస్ అనగానే ఎవరికైనా పురుగుమందు డబ్బా, క్యాజువాలిటీ వార్డు, అట్రోపిన్ ఇంజెక్షన్ గుర్తుకొస్తాయి. తప్పులేదు. కూరగాయలపై 2005లోనే నిషేధించిన మోనోక్రోటోఫాస్, 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లల్ని బలి తీసుకుంది. అయితే ఆ రసాయనాల కుటుంబంలో లోహాల చిక్కుముడి విప్పేవీ ఉన్నాయి. విశాఖ పట్టించుకోవాల్సింది వాటిని.

అచ్యుతాపురం దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ప్రాంగణంలో సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు ఉంది. 2023 మే 11న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. ఇటు భీమిలి తీరం ఇసుకలో సమేరియం లాంటి అరుదైన లోహాలుండే ఖనిజం, మోనజైట్ ఉంది. దేశంలో ఆ ఖనిజ నిల్వలు అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇసుకా ఉంది, అయస్కాంతమూ ఉంది. నడిమి పనే, అంటే లోహాల్ని వేరు చేసి శుద్ధి చేయడమే, ఇక్కడ లేదు. ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ ఆ శుద్ధిని కేరళలోని అలువాలో చేస్తోంది.

అసలు విద్య అంతా ఆ నడిమి పనిలోనే ఉంది. సమేరియం, నియోడిమియం, యూరోపియం ఒకే పోలిక. అయాన్ల పరిమాణంలో తేడా వెంట్రుకవాసి. తొట్టి అడుగున లోహాలు కరిగిన ఆమ్లజలం, పైన కిరోసిన్‌లో కలిపిన డీటూఈహెచ్‌పీఏ అనే ఆర్గానోఫాస్ఫరస్ ఆమ్లం. రెంటినీ చల్ల చిలికినట్టు చిలికి వదిలేస్తే మళ్లీ విడిపోతాయి. ఈలోగా బరువైన మూలకం కాస్త ఎక్కువగా పైకి ఎక్కుతుంది, తేలికది నీళ్లలోనే ఎక్కువగా మిగులుతుంది. ఒక్క తొట్టితో తేలే పని కాదు, వరసగా పదులు, వందలు కావాలి. తర్వాత వచ్చిన పీసీ-88ఏ అనే మరో ఆర్గానోఫాస్ఫరస్ ఆమ్లంలో ఒక కార్బన్ నేరుగా ఫాస్ఫరస్‌కే అతుక్కుని ఉంటుంది. ఎక్కిన లోహాన్ని దించడానికి దానికి తక్కువ ఆమ్లం చాలు. ఖర్చు తగ్గేది అక్కడే.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్ఎఫ్‌సీ)లో యురేనియం శుద్ధికి, జిర్కోనియం నుంచి హాఫ్నియంను వేరు చేయడానికి ఇదే కుటుంబానికి చెందిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ వాడుతున్నారు.

2025 ఏప్రిల్‌లో చైనా సమేరియంతో సహా ఏడు అరుదైన లోహాల ఎగుమతులకు కళ్లెం వేసింది. అప్పటి నుంచి గనుల గురించే గోల. గనులు తవ్వితే సరిపోతుందా? తొట్ల వరస, వాటిలో పోసే ద్రావకం, రెంటినీ నడిపే ఇంజనీర్లు కావాలి. అవి విశాఖకే రావాలంటే ముందు రెండు లెక్కలు జనం ముందు పెట్టాలి: మోనజైట్‌తో పాటు వచ్చే రేడియోధార్మిక థోరియంను ఎక్కడ దాస్తారు, వాడేసిన ఆమ్లజలాన్ని ఎక్కడ శుద్ధి చేస్తారు. భీమిలి మత్స్యకారులు అడగబోయేదీ అదే.